‘ఒక్కేసి పువ్వేసి’లో ‘ఏసి’ ఏ ఏసి?

సిద్దిపేట_పిల్ల
అందరికీ నమస్తే. ఒక బతుకమ్మ పాట లైను దగ్గర ఆగిపోయాను, పెద్దలు సాయం చేయాలి.

సియోల్‌లో కొరియన్ నేర్చుకుంటున్నాను. చుసోక్ (కొరియన్ల పంటల పండుగ) సెలవులకి ముందు మా క్లాసులో ఎవరి పండుగ గురించి వాళ్ళు కొరియన్‌లో చెప్పాలి. ఉజ్బెకిస్తాన్ అమ్మాయి వాళ్ళ వసంతకాలపు కొత్త సంవత్సరం పండుగ నౌరూజ్‌కి వండే సుమలక్ గురించి చెప్పింది. మొలకెత్తిన గోధుమల రసం, పిండి, నూనె పెద్ద కడాయిలో పోసి ఆడవాళ్ళు వంతులవారీగా రాత్రంతా కలుపుతారట, పాటలు పాడుకుంటూ. అడుగంటకుండా నాలుగు గులకరాళ్ళు వేస్తారు. వడ్డించాక ఎవరి గిన్నెలో రాయి పడితే వాళ్ళు మనసులో ఒకటి కోరుకోవాలి. వియత్నాం అబ్బాయి నక్షత్రం ఆకారంలో కాగితపు లాంతరు చేసి తెచ్చాడు. నా వంతుకి బతుకమ్మ చెప్పాను.

పాట రెండు లైన్లు పాడి అర్థం బోర్డు మీద రాశాను: ఒక్కేసి పువ్వేసి చందమామ, ఒక్క జాము ఆయె చందమామ. ‘ఒక్కేసి’కి ‘హానాస్సిక్’ అని పెట్టాను. కొరియన్‌లో ‘స్సిక్’ అంటే అచ్చం మన రెండేసి, మూడేసిలో ఉన్న ‘ఏసి’. టీచర్ వెంటనే అడిగింది: ‘స్సిక్ అన్నావు కదా, ఎవరెవరికి ఒక్కొక్కటి? మనిషికి ఒకటా, జాముకి ఒకటా?’ నాకు జవాబు దొరకలేదు. అసలది ‘ఏసి’యేనా, ‘వేసి’యా? ఇంకొకటి, ‘పైన మఠం కట్టి’ తర్వాత లైన్లు గుర్తు రావట్లేదు. ఎవరికైనా తెలుసా?

గునుగుపువ్వు
పైన మఠం కట్టి చందమామ, కింద ఇల్లు కట్టి చందమామ, మఠంలో ఉన్న చందమామ, మాయదారి శివుడు చందమామ, శివపూజ వేళాయె చందమామ, శివుడు రాకపాయె చందమామ. తర్వాత గౌరి గద్దెల మీద జంగమయ్య వస్తాడు, అటుపై రెండేసి పూలేసి, రెండు జాములాయె.

కానీ చెల్లీ, మా ఇంట్లో ‘ఒక్కేసి’ అనరు. ‘ఒక్కొక్క పువ్వేసి’ అంటారు. మా నాయనమ్మ నోట ఇంకో మాట వినలేదు.

ద్విపద_ప్రియ
‘ఒక్కొక్క’ అనేది చదువుకున్నవాళ్ళు చేసిన దిద్దుబాటు. తూకంలో రెండూ సరిపోతాయి, ఎంచి చూడండి: ఒక్కేసి అయిదు మాత్రలు, ఒక్కొక్క అయిదు మాత్రలు. అందుకే ఎవరికీ తేడా తట్టదు. చెవికి మాత్రం తెలిసిపోతుంది. ఒక్కేసి పువ్వేసి, రెండేసి పూలేసి, మూడేసి పూలేసి... ప్రతి పాదంలో ఏసి రెండుసార్లు మోగాలి. ‘ఒక్కొక్క’ పెడితే మొదటి పాదంలోనే ఆ మోత పోతుంది. పాట కట్టినామె అలా కట్టదు.

కృష్ణాతీరం
మోత కోసమే అయితే అది ‘వేసి’ అని ఎందుకు అనుకోకూడదు? ఒకటి వేసి, పువ్వు వేసి. పల్లె మాటలో ‘వే’ పోయి ‘ఏ’ మిగలడం మామూలే, ‘పువ్వేసి’లో జరిగింది కూడా అదే. ఒకే పాదంలో మొదటి ‘ఏసి’కి ఒక వ్యుత్పత్తి, రెండో ‘ఏసి’కి ఇంకొకటి అనడం నాకు అతకడం లేదు.

పైగా పాటలో ఉన్నది ఒకామె. శివుడి కోసం కూచుంది. ఒక పువ్వు వేసింది, జాము గడిచింది. రెండు పూలు వేసింది, రెండు జాములు గడిచాయి. పంచిపెట్టడం ఎక్కడుంది ఇందులో?

మానుకోట_మాస్టారు
కృష్ణాతీరం గారూ, ‘ఒక్క’ విశేషణం. దాని పక్కన నామం లేకుండా ‘వేసి’ వచ్చి చేరదు. ‘ఒక్కటి వేసి’ అంటాం, ‘ఒక్క వేసి’ అని ఏ పల్లెలోనూ అనరు. మీ వాదం నిలవాలంటే పాటలో ‘ఒక్కటేసి’ ఉండాలి. ‘రెండేసి’ దగ్గర మీరు చెప్పినది కుదురుతుంది, రెండు వేసి అంటే రెండేసి అవుతుంది కాబట్టి. ‘ఒక్కేసి’ దగ్గర కుదరదు.

నా లెక్క ఇది. రెండేసి, మూడేసి అనేవి భాషలో ముందే ఉన్నాయి. ఒకటికి ‘ఏసి’ చేర్చే అలవాటు మనకి లేదు, ఒక్కొక్క అంటాం. పాట కట్టినామె రెండేసి వరసలోకి లాగడానికి ‘ఒక్కేసి’ని తయారుచేసింది. వీప్సకి, అంటే ఒక్కొక్కటిగా అని చెప్పడానికి, పుట్టిన మాట అది.

కృష్ణాతీరం
మాస్టారూ, పాట కోసం మాట తయారుచేసిందని మీరే అంటున్నారు. అలా తయారుచేసేటప్పుడు ‘ఒక్కటేసి’లో ‘ట’ జారవిడిచిందని నేనంటే ఎందుకు కాదు? ఒక్కటేసి ఆరు మాత్రలు. పాదంలో అయిదుకే చోటుంది.

మానుకోట_మాస్టారు
‘నాలుగేసి’ కూడా ఆరు మాత్రలే. దాన్ని సునాయాసంగా ఇముడ్చుకుని పాడుతున్నారు కదా. ఒక మాత్ర ఎక్కువైతే ఆడవాళ్ళ గొంతు ఆగదు.

గునుగుపువ్వు
టీచర్ అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తోచింది చెప్తా. బతుకమ్మ పేర్చేటప్పుడు చూడండి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి మొదటి వరస తంగేడు పెడతాం. దాని మీద గునుగు, కొసలకి రంగులద్దినవి ఒక వరస, తెల్లవి ఒక వరస. తర్వాత బంతి, కట్ల, చామంతి. చుట్టూ నలుగురం కూచుంటాం, ఒకరు కాడలు సమంగా కోస్తారు, ఒకరు కట్టలు కడతారు, ఒకరు పేరుస్తారు. లోపల గుల్ల కాకుండా ఆకులు, కాడల ముక్కలు కూరుతూ పోతాం. వరసకి ఒక జాతి పువ్వు. ‘ఒక్కేసి పువ్వు’ అంటే వరసకి ఒకటి. అంతస్తు పెరిగేకొద్దీ పొద్దు జరుగుతుంది, ఒక్క జాము ఆయె. నాకు ఇందులో సందేహమే లేదు.

ద్విపద_ప్రియ
గునుగుపువ్వు అక్కా, బాగుంది. కానీ పాట పేర్చేటప్పటిది కాదు, తిరిగేటప్పటిది. పైగా పాటలో పూజ ఉంది. శివపూజ వేళాయె అంటోంది. లింగం మీద జాముకి ఇన్ని పూలు అని వేసే పూజ అది. శివరాత్రి జాగారంలో నాలుగు జాముల అభిషేకం చేస్తాం కదా, ఆ వాసన ఉంది ఇందులో. జంగమయ్య ఊరికే రాలేదు.

నది_ఒడ్డున
జాముల లెక్క తీశారు కాబట్టి అడుగుతున్నా. జాము అంటే మూడు గంటలు. రోజుకి ఎనిమిది జాములు. మరి పాట ‘తొమ్మిదేసి పూలేసి, తొమ్మిది జాములాయె’ దాకా పోతుంది కదా. తొమ్మిదో జాము ఎక్కడిది?

మానుకోట_మాస్టారు
చక్కని ప్రశ్న. నా మటుకు నాకు అది తొమ్మిది రోజుల లెక్క. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది. జాము అనే మాట మీద రోజుల బరువు పెట్టారు.

ద్విపద_ప్రియ
రోజుల లెక్క అయితే మధ్యలో అలిగిన బతుకమ్మ ఉంది మాస్టారూ. ఆరో రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు. మరి ‘ఆరేసి పూలేసి’ ఎలా పాడతారు? తొమ్మిదో జాము అంటే ఎదురుచూపు తెల్లారినా తీరలేదని. రోజు దాటి మర్నాడు మొదటి జాములోకి వచ్చేసింది, అయినా శివుడు రాలేదు. పాటలో కడుపు తరుక్కుపోయే చోటు అదే.

నది_ఒడ్డున
ఇది మాత్రం ఒప్పుకున్నాను.

సిద్దిపేట_పిల్ల
అందరికీ ధన్యవాదాలు. ఒక్క విషయం చెప్పాలి. నేను కూచున్నాక టీచర్ మాకు కంగంగ్‌సుల్లే నేర్పింది. చుసోక్ పున్నమి రాత్రి ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడేది. దక్షిణాన చొల్లా ప్రాంతంలో పుట్టింది, 2009లో యునెస్కో జాబితాలో చేరింది. ముందు ఒకామె లైను పాడుతుంది, అందరూ ‘కంగంగ్‌సుల్లే’ అంటారు, మళ్ళీ లైను, మళ్ళీ ‘కంగంగ్‌సుల్లే’. మన ‘చందమామ’, ‘ఉయ్యాలో’ ఎక్కడ పడతాయో సరిగ్గా అక్కడే. మొదట నెమ్మదిగా మొదలై చివరికి దాదాపు పరుగే. మనం వంగి చప్పట్లు కొడతాం, వాళ్ళు చేతులు వదలరు, అదొక్కటే తేడా అనిపించింది.

ఇంకో సంగతి, ఆ పల్లవి మాటకి అర్థం ఏమిటో వాళ్ళలో వాళ్ళకే తేలలేదు. చొల్లా యాసలో ‘కంగ్’ అంటే గుండ్రం, ‘సుల్లే’ అంటే కాపలా తిరగడం అని కొందరు. చీనా అక్షరాల్లో రాసి ‘బలమైన శత్రువులు నీళ్ళు దాటి వస్తున్నారు’ అని ఇంకొందరు. 1592లో మొదలైన జపాన్ దండయాత్రప్పుడు సైన్యం ఎక్కువ ఉన్నట్టు కనబడాలని అడ్మిరల్ యి సున్‌సిన్ ఆడవాళ్ళ చేత కొండ చుట్టూ తిప్పించాడని కథ చెప్తారు. ఇక్కడ నడుస్తున్న చర్చ చూస్తే ఆ క్లాసే గుర్తొచ్చింది.

కొత్త_పల్లకి
ఏసి, స్సిక్, ఈ పోలిక ఊరికే రాలేదు. అమ్మ వాళ్ళకి ‘ఒమ్మా’, నాన్న ‘అప్పా’. 1905లోనే హోమర్ హల్బర్ట్ సియోల్‌లో కూచుని కొరియన్‌కీ ద్రావిడ భాషలకీ పోలిక వ్యాకరణం రాశాడు. మూలం ఒకటే.

భాషాశాస్త్ర_విద్యార్థి
హల్బర్ట్ రాసిన మాట నిజం. తర్వాతి భాషాశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదన్నదీ నిజం. అమ్మ, అప్ప లాంటి మాటలు పసిపిల్లల నోట ఎక్కడైనా పుడతాయి, వాటితో చుట్టరికం కలపలేం. కర్త, కర్మ, క్రియ వరస, ప్రత్యయాలు వెనక చేరడం జపనీస్‌లో, టర్కిష్‌లో కూడా ఉన్నాయి. ఏసి, స్సిక్ పక్కపక్కన పెడితే వాడకంలో పోలిక ఉంది, అంతవరకే. సిద్దిపేట చెల్లికి క్లాసులో అది పనికొచ్చింది, చాలు.

కొత్త_పల్లకి
ఒప్పుకోనంత మాత్రాన తప్పయిపోదు. సరే, మీ మాటే కానివ్వండి.

నది_ఒడ్డున
నాది ఇంకో అనుమానం. చుసోక్ పున్నమి పండుగ, చందమామని పాడుకుంటే అర్థముంది. మన బతుకమ్మ మొదలయ్యేది పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు. ఆకాశంలో చంద్రుడే ఉండడు. మరి ‘చందమామ’ పల్లవి ఎలా వచ్చింది?

గునుగుపువ్వు
ఎనిమిదో నాటికి సగం చంద్రుడు వస్తాడుగా. సద్దుల నాడు చెరువు గట్టు మీద నిలబడితే నెత్తి మీదే ఉంటాడు.

ద్విపద_ప్రియ
చంద్రుడు ఆకాశంలో లేకపోతే శివుడి తల మీద ఉన్నాడు! ఆమె పిలుస్తున్నది చంద్రుణ్ణి పెట్టుకున్నవాణ్ణి.

ఇక్కడ సోమన గురించి చెప్పకుండా ఉండలేను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలం నాటి జనం పాటల్ని వరసగా చెప్పుకుంటూ పోతాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. ఆ పేర్లు చాలా వరకు పల్లవిని బట్టి వచ్చినవే అని నా నమ్మకం. తుమ్మెదా అని ముగిస్తే తుమ్మెద పదం, గొబ్బి అని ముగిస్తే గొబ్బి పదం. అలాంటప్పుడు చందమామా అని ముగిసేవి వెన్నెల పదాలు కాకపోతే ఇంకేమిటి? పైగా శివుడు, జంగమయ్య, మఠం, మూడూ ఉన్నాయి. సోమన చెవిన పడిన పాటకి ఇది మనవరాలు.

మానుకోట_మాస్టారు
సోమన అంటే నాకూ ప్రాణమే. ‘సరసమై పరగిన జాను తెనుగు’ అని చెప్పి, అందరికీ అందుతుందని ద్విపద పట్టుకున్నవాడు. ఆయన ఆ పేర్లు రాసి ఉండకపోతే అన్ని రకాల పాటలున్నాయని మనకి తెలిసేదే కాదు. కానీ వెన్నెల పదాలంటే వెన్నెల్లో పాడుకునేవి అని కూడా చెప్పొచ్చు కదా. పల్లవి లెక్క మీద శంకర పదాలు ‘శంకరా’ అనాలి, పర్వత పదాలు ‘పర్వతా’ అనాలి. శ్రీశైలం ఎక్కుతూ పాడుకునేవి పర్వత పదాలు. అక్కడ పేరు పల్లవిని బట్టి రాలేదు, సందర్భాన్ని బట్టి వచ్చింది.

ద్విపద_ప్రియ
పర్వత పదాల్లో పల్లవి ‘పర్వతమల్లయ్యా’ అయి ఉండొచ్చుగా మాస్టారూ.

కృష్ణాతీరం
మా వైపు సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడేవాటిలో ప్రతి లైనుకీ ‘గొబ్బియళ్ళో’ వస్తుంది. కాబట్టి పల్లవి మీద పేరు అనే మాటకి నా ఓటు. ఆ ‘వాలేశు’ ఏమిటో ఎవరైనా చెప్పండి.

భాషాశాస్త్ర_విద్యార్థి
దానికి ఇంకో చర్చ పెట్టాలి, ఇక్కడ తేలదు.

సిద్దిపేట_పిల్ల
చుసోక్ పొద్దున ఇక్కడ పెద్దలకి కొత్త బియ్యంతో పెడతారు, ఛారే అంటారు. సోంగ్‌ప్యాన్ చేస్తారు. బియ్యప్పిండి ముద్దలో నువ్వులు, తేనె కూరి అర్ధచంద్రాకారంలో మడిచి, కింద పైన్ ఆకులు పరిచి ఆవిరి మీద ఉడికిస్తారు. మన కజ్జికాయని ఆవిరికి పెట్టినట్టుంటుంది. మనకి పెత్రమాస నాడు పెద్దలకి బియ్యమిస్తారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. 2023లో సెప్టెంబర్ 29న చుసోక్ వస్తే అక్టోబర్ 14న బతుకమ్మ మొదలైంది. 2025లో బతుకమ్మే ముందొచ్చింది. అధికమాసం వాళ్ళకొకచోట, మనకొకచోట పడుతుంది కదా.

అయితే టీచర్‌కి ఏం చెప్పను? మనిషికి ఒకటా, జాముకి ఒకటా, వరసకి ఒకటా?

గునుగుపువ్వు
వరసకి.

ద్విపద_ప్రియ
జాముకి. పూజ పాట అది.

కృష్ణాతీరం
ఏదీ కాదు. ఒక పువ్వు వేసింది, అంతే.

మానుకోట_మాస్టారు
చెల్లీ, ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి ఒక్కటి అడుగు. మీ ఇంట్లో నాలుగు దగ్గర ఎలా పాడతారు: ‘నాలుగేసి పూలేసి’ అనా, ‘నాలుగు పూలేసి’ అనా? నాలుగులో ‘ఏసి’ నిలబడితే నా వాదానికి బలం. అక్కడ ‘నాలుగు పూలు వేసి’ అని విడదీసి పాడితే కృష్ణాతీరం గారితో మళ్ళీ మొదటి నుంచి కూచోవాలి. గ్రూపులో మిగతావాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ ఊరి పేరుతో సహా రాయండి. ఖమ్మం, ఆదిలాబాద్ వైపు వాళ్ళవి ముఖ్యంగా కావాలి.