దక్షిణ కొరియాలో బడి చదువు ఏ మెట్ల మీదుగా సాగుతుంది?

ప్రశ్న:
నమస్కారం. మా వారికి సూవన్‌లో ఉద్యోగం ఖాయమైంది. 2014లో పుట్టిన మా అమ్మాయి 2026 ఏప్రిల్‌లో ఆరో తరగతి ముగిస్తుంది. అంతర్జాతీయ పాఠశాలల ఫీజు మా శక్తికి మించినది కనుక ప్రభుత్వ బడిలోనే చేర్చాలనుకుంటున్నాము. తను ఏ తరగతిలో చేరుతుందో, ఆపై చదువు ఎలా సాగుతుందో తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు 1:
అక్కడ ప్రాథమిక పాఠశాల 6 ఏళ్లు, మాధ్యమిక పాఠశాల 3, ఉన్నత పాఠశాల 3. మొదటి 9 ఏళ్లు నిర్బంధ విద్య. కొన్ని ప్రైవేటు పాఠశాలలను మినహాయిస్తే, ఉన్నత పాఠశాలలో కూడా 2021 నుంచి అన్ని తరగతులకూ ఫీజు లేదు. విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. తరగతిని సాధారణంగా పుట్టిన సంవత్సరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ లెక్కన 2014లో పుట్టినవారు 2026లో ప్రాథమిక పాఠశాల ఆరో తరగతిలో ఉంటారు కాబట్టి, మీ అమ్మాయి ఇక్కడ ముగించిన తరగతిలోనే అక్కడ మళ్లీ కూర్చోవలసి రావచ్చు. దానికి బాధపడకండి. మాధ్యమిక పాఠశాలకు వెళ్లేలోపు కొరియన్ భాష పట్టుబడడానికి ఆ నెలలు ఎంతో అక్కరకు వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పై పాఠశాలలకు ప్రవేశ పరీక్షలు ఉంటాయా?

జవాబు 2:
చాలావరకు ఉండవు. పసిపిల్లలపై ఒత్తిడి భరించరానిదిగా మారడంతో 1969లో సియోల్‌తో మొదలుపెట్టి మాధ్యమిక పాఠశాలల ప్రవేశ పరీక్షను రద్దు చేశారు. 1974లో సియోల్, బూసాన్ నగరాలలో ఉన్నత పాఠశాలలకు కూడా లాటరీ పద్ధతిన సీట్ల కేటాయింపు ఆరంభమై, తరువాత ఇతర నగరాలకు విస్తరించింది. సైన్స్, విదేశీ భాషల ఉన్నత పాఠశాలలు, వృత్తివిద్య నేర్పే మైస్టర్ పాఠశాలలు మాత్రం విద్యార్థులను విడిగా ఎంపిక చేసుకుంటాయి.

అయితే తొలగిన ఆ ఒత్తిడి ఎక్కడికీ పోలేదు, చివరి మెట్టుకు చేరింది. ఏటా నవంబరులో జరిగే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ‘సునుంగ్’ రోజున ఇంగ్లీషు శ్రవణ పరీక్ష జరిగేంతసేపు దేశమంతటా విమానాల రాకపోకలను నిలిపివేస్తారంటే దానికి వారిచ్చే ప్రాధాన్యం మీకు అర్థమవుతుంది. మన దగ్గర ఇంటర్‌లో కనిపించే ఆందోళన అక్కడ ఉన్నత పాఠశాల మూడేళ్లూ ఉంటుంది.

జవాబు 3:
‘హగ్వన్’ అనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాల గురించి కూడా చెప్పాలి. సియోల్‌లో రాత్రి 10 తరువాత వాటిని నడపరాదన్న నిబంధన పెట్టవలసి వచ్చిందంటే పిల్లలు అక్కడ ఎంత పొద్దుపోయేదాకా ఉండేవారో ఊహించవచ్చు. తోటివారంతా వెళ్తున్నారని మీ అమ్మాయిని వెంటనే అన్ని సబ్జెక్టులకూ పంపకండి. కొన్ని ప్రభుత్వ బడులలో విదేశీ పిల్లల కోసం ప్రత్యేకంగా కొరియన్ భాషా తరగతులు ఉంటాయి. ఇల్లు అద్దెకు తీసుకునే ముందే అటువంటి బడి ఏ పేటలో ఉందో స్థానిక విద్యా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.