వాహన బీమా కోట్ ఏపీఐలు: మా సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రీమియం, కంపెనీ పోర్టల్‌లో మరొకటి

ప్రశ్న

విజయవాడలోని ఒక బీమా బ్రోకింగ్ సంస్థకు నేను సాఫ్ట్‌వేర్ వ్యవహారాలు చూస్తున్నాను. మా సిబ్బంది ఇన్నాళ్లూ ఒక్కో కంపెనీ పోర్టల్‌ను వేరుగా తెరిచి, అదే కారు వివరాలను మళ్లీ మళ్లీ టైపు చేసి, వచ్చిన ప్రీమియంలను ఎక్సెల్‌లో పేర్చి కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపేవారు. ఆ శ్రమ తప్పించాలని కొన్ని సాధారణ బీమా కంపెనీల కోట్ ఏపీఐలను, అంటే మనిషి టైపు చేయకుండానే కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి ప్రీమియం అంచనా తెప్పించే అనుసంధానాలను, మా సాఫ్ట్‌వేర్‌కు కలిపాము. కోట్‌లు వస్తున్నాయి గానీ, అదే కారుకు అదే కంపెనీ పోర్టల్‌లో చూపే మొత్తంతో సరిపోవడం లేదు. కొన్ని కార్లకు తేడా 59 రూపాయలు, కొన్నింటికి 1,560 రూపాయలు, మిగతావాటికి ఏ లెక్కకూ అందని తేడా. ఇది కాక, ఏపీఐ ఇవ్వని కంపెనీల పోర్టళ్లలోకి మా లాగిన్‌తోనే ఒక బాట్‌ను (మనిషిలా తెర మీద పనిచేసే ప్రోగ్రామ్‌ను) పంపి కోట్ తెప్పించమని మా యజమాని గారు అడుగుతున్నారు. ఈ పని చేసినవారు దయచేసి దారి చూపగలరు.

జవాబు 1 (బ్రోకింగ్ సాఫ్ట్‌వేర్ డెవలపర్, హైదరాబాద్)

మొత్తాలను పోల్చినంత కాలం మీకు ఏమీ తేలదండీ. ఏపీఐ జవాబులో ప్రీమియం విడి పద్దులుగానే వస్తుంది కాబట్టి పద్దుకు పద్దు పోల్చండి. అన్నిటికన్నా ముందు చూడవలసింది థర్డ్ పార్టీ ప్రీమియం (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది), ఎందుకంటే అది ప్రభుత్వం ప్రకటించిన రేటు, దాన్ని పెంచే తగ్గించే వీలు ఏ కంపెనీకీ లేదు. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 1,000 సీసీ వరకు 2,094 రూపాయలు, అది దాటి 1,500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. మీరు చెప్పిన 1,560లోంచి 18 శాతం జీఎస్టీ తీసేస్తే మిగిలేది 1,322, అంటే మొదటి రెండు రేట్ల మధ్య తేడా. 1,197 సీసీ కారు ఎక్కడో 998 సీసీ వేరియంట్‌గా నమోదై ఉంటుంది. ఇక 59 అంటే 50 రూపాయలకు జీఎస్టీ కలిపిన మొత్తం, అది జీతం మీద పనిచేసే డ్రైవర్‌కు కట్టే లయబిలిటీ ప్రీమియం. ఒక చోట టిక్ అయి మరో చోట కాలేదు. రేపు ఎప్పుడైనా 71 రూపాయల తేడా కనిపిస్తే సీఎన్‌జీ కిట్ గడి చూడండి, దానికి థర్డ్ పార్టీలో అదనంగా 60 రూపాయలు పడుతుంది.

లెక్కకు అందని తేడాలన్నీ దాదాపు ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) పద్దులోనే ఉంటాయి. 2007 జనవరి నుంచి ఆ రేట్లు కంపెనీల ఇష్టం కాబట్టి ఒక కంపెనీకి, మరో కంపెనీకి తేడా సహజమే; కానీ ఒకే కంపెనీ ఏపీఐకి, పోర్టల్‌కు మధ్య తేడా వస్తే ఐడీవీ (బండికి బీమాలో రాసే విలువ), నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు), ఆర్టీఓ అనే మూడు గడులనూ వరుసగా పరీక్షించండి. ఐడీవీ పంపకపోతే ఏపీఐ తనకు తోచిన విలువ వేసుకుంటుంది, పోర్టల్‌లో మీ సిబ్బంది దాన్ని మార్చి ఉంటారు.

ఆర్టీఓ దగ్గర మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. నంబర్ ప్లేటు మొదటి అక్షరాలు చూసి ఆర్టీఓను నిర్ణయించే కోడ్ ఇక్కడ పనిచేయదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త బండ్లకు జిల్లా తేడా లేకుండా ఏపీ 39 వరుస మొదలైంది. ప్రీమియం లెక్కకు కొన్ని పెద్ద నగరాలు ఏ జోన్, మిగతా దేశం బీ జోన్; సొంత కార్లకు ఆంధ్రప్రదేశ్ అంతా బీ జోనే అయినా, కంపెనీలు డిస్కౌంట్ నిర్ణయించేది ఆర్టీఓను బట్టి, ఆ సంగతి ప్లేటు చెప్పదు. మరోవైపు ఏపీ 09 నుంచి ఏపీ 13 వరకు ఉన్న పాత నంబర్లు హైదరాబాద్‌వి, అంటే ఏ జోన్. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, అంతకుముందువి టీఎస్‌గానే నడుస్తున్నాయి. అందుచేత ఆర్‌సీలో రాసి ఉన్న రిజిస్టరింగ్ అథారిటీ పేరునే తీసుకుని, కంపెనీవారీగా వాళ్ల ఆర్టీఓ కోడ్‌కు జత చేసే పట్టికను మీరే నిర్వహించుకోవాలి. నన్నడిగితే, ఈ అనుసంధానంలో అసలు పని ఈ పట్టికలే. టోకెన్, ఐపీ అనుమతి, ఎన్‌క్రిప్షన్ వంటివి ఒకసారి కుదిరితే మళ్లీ చూడనక్కర లేదు, కార్ల మోడళ్లను కంపెనీ కోడ్‌లకు జత చేసే పట్టిక మాత్రం కంపెనీ కొత్త ఎక్సెల్ పంపిన ప్రతిసారీ మారుతుంది.

జవాబు 2 (బ్రోకింగ్ సంస్థలో నియమపాలన బాధ్యతలు)

బాట్ సంగతి మీ యజమాని గారికి ఇలా చెప్పండి. లాగిన్ ఇచ్చేటప్పుడు చేసుకునే ఒప్పందాల్లో యంత్రంతో వాడరాదనే షరతు సాధారణంగా ఉంటుంది, ముందు అది చదవమనండి. ఓటీపీ, క్యాప్చా అడ్డు పడడం ఒక ఎత్తు, పోర్టల్ తెర మారిన రోజున తప్పు ఐడీవీతో కోట్ కస్టమర్‌కు వెళ్లడం ఇంకో ఎత్తు. ఆ కోట్‌కు జవాబు చెప్పుకోవలసింది బ్రోకరే. ఏపీఐ లేని కంపెనీకి సిబ్బంది చేత్తో కోట్ తీసి, ఏ సమయానికి తీశారో రాసి సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేసే తెర ఒకటి ఇస్తే చాలు.

జవాబు 3 (బీమా కంపెనీ ఐటీ విభాగంలో పనిచేసినవారు)

పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తున్నాను, అయితే కోట్ సరిపోయినంత మాత్రాన పని ముగియదు. కస్టమర్ రెండు రోజులు ఆలోచించి ఒప్పుకునేసరికి పాత పాలసీ గడువు దాటిపోయి, కంపెనీ బండి తనిఖీ అడిగే కేసు కావచ్చు. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. కాబట్టి డబ్బు కట్టే లింకు తెరిచే ముందు పూర్తి ప్రపోజల్‌తో (పాలసీ దరఖాస్తు వివరాలతో) ప్రీమియం మళ్లీ లెక్కించండి. 2023 జనవరి 1 నుంచి పాలసీ ఇచ్చే ముందే కేవైసీ (కస్టమర్ గుర్తింపు ధృవీకరణ) తప్పనిసరి అయింది, ఆ ఏపీఐని కూడా ఇదే వరుసలో పెట్టండి. ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీ బాధ్యత మొదలు కాదని 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి, మీకు కాల్‌బ్యాక్ (చెల్లింపు ఫలితం చెప్పే సందేశం) రాకపోతే అది పెండింగ్ అని వదిలేయకుండా, కంపెనీ స్టేటస్ ఏపీఐని కొంత విరామంతో తనంతట తానే అడుగుతూ ఉండే ప్రోగ్రామ్ ఒకటి నడపండి. ప్రతి కోట్ నంబర్ కింద మీరు పంపిన అభ్యర్థన, వచ్చిన జవాబు మార్చకుండా దాచుకోండి. తగాదా వచ్చిన రోజున కంపెనీ మొదట అడిగేది అదే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 1,560 తేడా వచ్చినవన్నీ రెండు ఇంజన్లతో దొరికే ఒకే మోడల్ కార్లని తేలింది. విద్యుత్ కార్లకు సీసీ గడిలో ఏమి పంపాలో కూడా చెప్పగలరా?

జవాబు 1 ఇచ్చినవారు

విద్యుత్ కార్లకు థర్డ్ పార్టీ రేటు కిలోవాట్ల మీద ఉంటుంది, అదే 2022 పట్టిక ప్రకారం: 30 కిలోవాట్ల వరకు 1,780 రూపాయలు, 65 వరకు 2,904, ఆపైన 6,712. సీసీ గడిలో సున్నా పంపితే ఆ కారును 1,000 సీసీ లోపు పెట్రోల్ కారుగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. కిలోవాట్లకు వేరే కాలమ్ పెట్టి, ఇంధన రకాన్ని బట్టి ఏ కాలమ్ పంపాలో కంపెనీవారీగా నిర్ణయించుకోండి; కొన్ని ఏపీఐలు కిలోవాట్లను కూడా సీసీ గడిలోనే అడుగుతాయి.