పాస్టరు కావడానికి తొమ్మిదేళ్లు, అందులో లాటిన్, గ్రీకు, హీబ్రూ: ఇది సరైన చదువేనా?

పాతపుస్తకం:
వందేళ్ల కిందట అమెరికాలో జర్మన్ లూథరన్లు, అంటే మిస్సోరీ సినడ్ అనే చర్చిల సమాఖ్య వాళ్లు, పాస్టర్లను ఎలా తయారుచేసేవారో చదువుతున్నాను. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లవాణ్ని ఇంటినుంచి తీసుకెళ్లి ఫోర్ట్ వేన్‌లోని కాంకోర్డియా కాలేజీ లాంటి చోట హాస్టల్లో వేసేవారు. పేరుకే కాలేజీ, మొదటి నాలుగేళ్లూ హైస్కూలే. మొత్తం ఆరు తరగతులు, పేర్లు లాటిన్‌లో, అవీ వెనకనుంచి ముందుకి: చేరేది సెక్స్‌టా అంటే ఆరోది, ముగించేది ప్రీమా అంటే ఒకటోది. లాటిన్, గ్రీకు, హీబ్రూ, జర్మన్, ఇంగ్లీషు, చరిత్ర, లెక్కలు. ఆ తర్వాత సెయింట్ లూయిస్ సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే బడిలో, ఇంకో మూడేళ్లు. ఫ్రాన్జ్ పీపర్ గారు 1887 నుంచి 1931 దాకా అక్కడ అధ్యక్షులు. లాటిన్ రానివాడికి అక్కడి సిద్ధాంత పాఠాల్లో అడుగు ముందుకు పడదు. ఇంతా చదివి వాళ్లు వెళ్లేది ఎక్కడికి? నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించే రైతుల దగ్గరికి. పెళ్లి చేయడానికి, శవాన్ని సాగనంపడానికి, పిల్లలకు కేటకిజం, అంటే మత ప్రశ్నోత్తరి, చెప్పడానికి. నా మటుకు నాకు ఇది పిల్లల వయసును దండగ చేయడమే అనిపిస్తోంది. మీరేమంటారు?

గోదారిగట్టు:
మీరు ఒక్క సెమినరీ గురించే చెప్పారు. అదే సినడ్‌కి ఇల్లినాయిలో స్ప్రింగ్‌ఫీల్డ్ సెమినరీ కూడా ఉండేది, 1875లో అక్కడికి మారింది. దాన్ని ప్రాక్టికల్ సెమినరీ అనేవారు. కాస్త వయసు మీరాక వచ్చినవాళ్లకి, ఆరేళ్ల లాటిన్ చదువు లేనివాళ్లకి అది. అక్కడ చదివినవాళ్లూ పాస్టర్లే, అదే సినడ్, అదే పని. రెండో దారి పనికొచ్చినప్పుడు మొదటి దారి ఎందుకని అడగండి, అది న్యాయమైన ప్రశ్న.

ఉపదేశి మనవడు:
నేను ఒప్పుకోను, ఎందుకో కాస్త పొడుగ్గానే చెబుతాను.

మా తాతగారు పల్నాడులో ఉపదేశి, అంటే పాస్టరు కింద ఊళ్లో సంఘాన్ని చూసుకునేవాడు. మా వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లకి ఆ మాటలోని బరువు తెలుసు. పాస్టరు అంటే అయ్యగారు, ఆయన నెలకోసారి బల్ల, అంటే ప్రభువు రాత్రి భోజనం, ఇవ్వడానికి వచ్చేవారు, మిగతా రోజుల్లో ఊళ్లో ప్రార్థనలు, జబ్బుపడ్డవాళ్లు, తగాదాలు, సండే స్కూలు అన్నీ తాతగారివే. లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఆయనకు నోటికి వచ్చు. ఏదైనా వచనం అర్థం మీద వాదన వస్తే మాత్రం 'అయ్యగార్ని అడుగుదాం' అనేవారు. అయ్యగారు దొరగార్ని, అంటే విదేశీ మిషనరీని, అడిగేవారట. దొరగారు గ్రీకు చదివినవాడు కాబట్టి ఆయన చెప్పిందే చివరి మాట. మా తాతగారి తెలుగు కొత్త నిబంధన నా దగ్గరే ఉంది. అంచుల్లో పెన్సిలుతో పెట్టిన ప్రశ్న గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.

అందుకే 'పల్లెటూరి పాస్టరుకి గ్రీకు ఎందుకు' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మూలం చదవగలిగినవాడు పైవాడు చెప్పింది తప్పని చూపించగలడు, చదవలేనివాడు తల ఊపాలి. నెబ్రాస్కా పల్లెలో ఆ పాస్టరుకి పక్కన బిషప్పు లేడు, లైబ్రరీ లేదు, అడగడానికి ఇంకో చదువుకున్నవాడు పాతిక మైళ్ల దూరంలో ఉంటాడు. అలాంటివాడికే ఆ చదువు ఎక్కువ అవసరం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు గారు గుంటూరుకి వచ్చినప్పుడు జర్మనీలో చదివిన క్రైస్తవ వేదాంతం ఉన్నా తెలుగు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది, ఆ కష్టం ఆయన పడ్డారు. మరి మనవాళ్లకి గ్రీకు, హీబ్రూ లాంటి మూల భాషలు అక్కర్లేదని ఎవరు తేల్చారు? చదువు ఎక్కువైందని కాదు నా బాధ, కొందరికే అందింది.

ఒహాయో తెలుగు:
ఉపదేశి మనవడు గారూ, మీ మాట సగం ఒప్పుకుంటాను. గ్రీకు సరే, లాటిన్ సంగతేమిటి? మినియాపొలిస్‌లో నార్వే లూథరన్ల ఆగ్స్‌బర్గ్ సెమినరీ చూడండి. 1869లో విస్కాన్సిన్‌లో మొదలై 1872లో మినియాపొలిస్‌కి వచ్చింది. అక్కడా కింద అకాడమీ లాంటి తయారీ తరగతులు, పైన కాలేజీ, ఆపైన వేదాంతం. కానీ అక్కడి ప్రొఫెసర్లు గేయోర్గ్ స్వెర్‌ద్రూప్, స్వెన్ ఊఫ్తెదాల్ గార్లు లాటిన్ చదువు పాస్టర్ని ఒక వేరే కులంలా తయారుచేస్తుందని గట్టిగా నమ్మారు. ఈ కులం మాట నాది, వాళ్లది కాదు. అందుకని గ్రీకు కొత్త నిబంధనను నడుమ పెట్టారు, కాలేజీ భాగాన్ని గ్రీకు విభాగం అనే పిలిచేవారు. రైతు కొడుకు రైతుల మధ్యనుంచి విడిపోకుండా మూలం చదవాలి, అదీ వాళ్ల ఆలోచన. స్వెర్‌ద్రూప్ 1907లో పోయేదాకా దాని మీదే నిలబడ్డారు. నాకు ఇది మిస్సోరీ పద్ధతి కంటే చాలా నచ్చుతుంది.

గోదారిగట్టు:
లాటిన్ గొడవ ఒకటైతే మిస్సోరీ వాళ్లకి అంతకన్నా పెద్ద టెన్షన్ జర్మన్ మీద వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం. 1917లో సినడ్ తన పేరులోంచి జర్మన్ అనే మాట తీసేసింది. 1918లో అయోవా గవర్నరు హార్డింగ్ బడిలో, రైల్లో, ఫోన్లో, ఆఖరికి చర్చిలో కూడా ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదన్నాడు. 1919లో నెబ్రాస్కా ఎనిమిదో తరగతి పాసయ్యేదాకా పరభాష నేర్పకూడదని చట్టం చేసింది. 1920లో లూథరన్ బడి టీచరు రాబర్ట్ మేయర్ ఒక పిల్లవాడికి జర్మన్‌లో బైబిలు కథలు చదివించాడని 25 డాలర్ల జరిమానా. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచాడు. చూడండి, లాటిన్, గ్రీకు, హీబ్రూ మృతభాషలు కాబట్టి అవి నిషేధం కిందికి రావని రాష్ట్రం కోర్టే చెప్పింది. సెక్స్‌టాలో లాటిన్‌కి అడ్డు లేదు, అమ్మతో మాట్లాడే భాషకే అడ్డు.

పాతపుస్తకం:
మృతభాషల సంగతి నాకు తెలియదు, చదివాక కాసేపు అలాగే కూర్చున్నాను. ఉపదేశి మనవడు గారూ, మీ తాతగారి పుస్తకం ఫొటో వీలైతే పెట్టండి. మీ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, మూలం చదివే హక్కు గురించి నేను ఆలోచించలేదు. కానీ వయసు విషయంలో తగ్గను. పదమూడేళ్లకు తన బతుకంతా దేనికివ్వాలో ఏ పిల్లవాడికీ తెలియదు. ఇరవై దాటాక గ్రీకు మొదలుపెట్టి నేర్చుకోలేరా?

ఉపదేశి మనవడు:
నేర్చుకుంటారు. నేను నలభై రెండేళ్లకు మొదలుపెట్టాను, ఇప్పుడు మార్కు సువార్త మూడో అధ్యాయంలో ఉన్నాను. వయసు విషయంలో మీ పక్షమే. ఫొటో రేపు పెడతాను.