డాష్‌బోర్డులను ఏ పద్ధతిలో అమర్చుకోవాలి? మిర్చి సీజనుకు ముందే సర్దుకోవాలని ఉంది

అరండల్‌పేట (ప్రశ్న):

మాది గుంటూరులోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. మిర్చి కమీషన్ ఏజెంట్లకు, నగరం చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకు లెక్కల వ్యవస్థను నడుపుతున్నాం. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డులో దిగినది మొదలు కాటా, అమ్మకం, చెల్లింపు, అమ్ముడుపోని సరుకు కోల్డ్ స్టోరేజీకి చేరడం వరకు ప్రతి దశా మా సర్వర్లలోనే నమోదవుతుంది. సర్వర్ల పనితీరు కొలతలను ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్ సేకరిస్తుంది. వాటిని గ్రఫానా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో డాష్‌బోర్డులుగా, అంటే గ్రాఫుల తెరలుగా చూస్తాం.

ఎవరికి అవసరం వచ్చినప్పుడు వారు ఒక డాష్‌బోర్డు తయారుచేసుకుంటూ రావడం వల్ల ఇప్పుడు మా గ్రఫానా కిక్కిరిసిపోయింది. ఒక్కో కోల్డ్ స్టోరేజీకి ఒక డాష్‌బోర్డు ఉంది, దానికి నకలు ఉంది, ఆ నకళ్లకు ‘కొత్తది’, ‘పరీక్ష’, ‘వాడవద్దు’ వంటి పేర్లున్నాయి. మామూలు రోజుల్లో దీనితో పెద్ద ఇబ్బంది లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో మాత్రం, ఏజెంటు ఫోను చేసి కాటా బరువు ఎక్కడం లేదని చెప్పినప్పుడు, డ్యూటీలో ఉన్నవారు ఏది తెరవాలో తేల్చుకునేలోపే అక్కడ వరుస పెరిగిపోతోంది.

ఫోల్డర్లను జట్ల ప్రకారం పెట్టుకోవాలా, సర్వీసుల (వ్యవస్థలో ఒక్కో పని చేసే ప్రోగ్రాముల) ప్రకారమా, ఖాతాదారుల ప్రకారమా? ఒక తెరపై ఎన్ని గ్రాఫులు ఉంటే మేలు? పాతవాటిని ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

పటమట:

మొదటి మెట్టును జట్ల ప్రకారమూ, సర్వీసుల ప్రకారమూ కట్టవద్దని నా గట్టి అభిప్రాయం. ఫోను ఎత్తిన మనిషికి వచ్చే ప్రశ్న ‘ఏ సర్వీసు?’ అని కాదు, ‘ఏ పని ఆగింది?’ అని. కాబట్టి అందరూ తెరిచే మొదటి డాష్‌బోర్డు మీ యార్డు పని జరిగే వరుసలోనే, అంటే దిగుమతి, కాటా, అమ్మకం, చెల్లింపు, నిల్వ అనే క్రమంలోనే ఎడమ నుంచి కుడికి సాగాలి. ఒక్కో దశకు నిమిషానికి ఎన్ని నమోదులు వస్తున్నాయి, అందులో ఎన్ని విఫలమవుతున్నాయి, ఒక్కోదానికి ఎంత సమయం పడుతోంది అనే మూడు విషయాలు చాలు. స్క్రోల్ చేయకుండా ఒక్క తెరలో ఇమడాలి. గ్రాఫుల సంఖ్యకు నేను పెట్టుకున్న హద్దు అదొక్కటే.

రెండో మెట్టులో సర్వీసుకు ఒక డాష్‌బోర్డు చొప్పున ఉండాలి. టామ్ విల్కీ ప్రచారంలోకి తెచ్చిన రెడ్ పద్ధతి, అంటే రాక, తప్పులు, పట్టిన కాలం, ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. మూడో మెట్టులో సర్వర్లు, డిస్కులు, డేటాబేసు కనెక్షన్లు ఉంటాయి. అక్కడ బ్రెండన్ గ్రెగ్ చెప్పిన యూజ్ పద్ధతిని, అంటే వాడకం, నిండుదనం, తప్పులు చూడడాన్ని పాటించండి. పై మెట్టులోని ప్రతి ప్యానెల్ (తెరపై ఒక్కో గ్రాఫు ఉండే గడి) నుంచి కింది మెట్టుకు లింకు తప్పనిసరిగా ఉండాలి. ఆ లింకు ఎంచుకున్న సమయాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలి, లేకపోతే చూసేవారు ప్రతిసారీ సమస్య వచ్చిన సమయాన్ని మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఒక్కో కోల్డ్ స్టోరేజీకి విడి డాష్‌బోర్డు అవసరం లేదు. వేరియబుల్ పెట్టి, పైనున్న జాబితాలోంచి స్టోరేజీని ఎంచుకునేలా ఒకే డాష్‌బోర్డు చేయండి. మీ నకళ్లలో చాలా భాగం దీనితోనే పోతుంది. అయితే స్టోరేజీ పేరును లేబుల్‌గా (కొలతకు తగిలించే గుర్తుగా) పెట్టినంత సులువుగా రైతు ఖాతా సంఖ్యనో, లాటు సంఖ్యనో లేబుల్‌గా పెట్టకండి. ప్రతి కొత్త విలువకూ ప్రొమీథియస్ ఒక కొత్త సిరీస్ (విడి కొలతల వరుస) తెరుస్తుంది కనుక సీజను మధ్యలో మెమొరీ నిండిపోతుంది. అటువంటి వివరాలు లాగ్‌లలో (ప్రోగ్రామ్ రాసే సంఘటనల చిట్టాల్లో) ఉండాల్సినవి.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. మీ బ్రాడీపేటలో లైను, అడ్డరోడ్డు అంకెలు తెలిస్తే కొత్తవారైనా ఎవరినీ అడగకుండా ఇల్లు చేరుకుంటారు. డాష్‌బోర్డు పేరు కూడా అలాగే ముందు మెట్టు, తర్వాత పని, ఆ తర్వాత సర్వీసు అనే వరుసలో ఉండాలి.

లక్ష్మీపురం:

పటమట గారు చెప్పిన అమరికతో ఏకీభవిస్తున్నాను. కానీ ఎంత చక్కగా అమర్చినా ప్యానెల్ చూపే అంకె తప్పయితే ఆ అమరిక మనిషిని తప్పుదారికే వేగంగా తీసుకువెళుతుంది. సర్దే సమయంలోనే వీటిని సరిచూసుకోండి.

సమయాన్ని సగటుగా చూపకండి. వంద కాటా నమోదుల్లో తొంభై రెండు వెంటనే పూర్తయి, ఎనిమిది అర నిమిషం పాటు నిలిచిపోతే సగటు రెండు మూడు సెకన్లే చూపిస్తుంది. ఆ ఎనిమిది మంది రైతులు మాత్రం అందులో కనిపించరు. 95వ పర్సెంటైల్, అంటే నూటికి 95 నమోదులు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో చెప్పే అంకె చూడండి. ఒక్కో సర్వర్ లెక్కించిన పర్సెంటైళ్లను కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమే ఉండదు. ముందుగా అన్ని సర్వర్ల హిస్టోగ్రామ్ బకెట్లను (ఎంత సమయంలోపు ఎన్ని నమోదులు పూర్తయ్యాయో చెప్పే లెక్కలను) కూడి, ఆ తర్వాతే పర్సెంటైల్ లెక్కించాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే అలవాటు మరొకటి ఉంది. ప్యానెల్ ఖాళీగా కనిపిస్తే బాగుండదని, డేటా లేని చోట సున్నా చూపించమని క్వెరీ (డేటాను అడిగే వాక్యం) చివర ‘ఆర్ వెక్టర్ జీరో’ తగిలిస్తారు. దాంతో తప్పులు నిజంగా లేనప్పుడూ, కొలతలు పంపే ప్రోగ్రామే చచ్చిపోయినప్పుడూ తెర మీద అదే ఆకుపచ్చ సున్నా కనిపిస్తుంది. తప్పుల కౌంటరును ప్రోగ్రామ్ మొదలైనప్పుడే సున్నాతో తెరిచి ఉంచితే ఆ తోక అవసరమే రాదు. దాని పక్కనే, కొలతలు అందుతున్నాయో లేదో చెప్పే ‘అప్’ విలువను చిన్న ప్యానెల్‌గా పెట్టండి.

కాలమండలం కూడా చూసుకోవాలి. సర్వర్లు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే, రోజువారీ మొత్తాలు లెక్కించే రోజు మనకు తెల్లవారుజామున 5.30కు మారుతుంది. రాత్రంతా యార్డుకు చేరే లారీల సరుకులో అర్ధరాత్రి తర్వాత 5.30 లోపు దిగినదంతా ముందు రోజు ఖాతాలో పడుతుంది. గ్రఫానాలో చూపే సమయాన్ని మాత్రమే మారిస్తే ఈ లెక్క మారదు, మొత్తాలు కట్టే చోటే భారత కాలమానాన్ని పాటించాలి.

అరండల్‌పేట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఆర్ వెక్టర్ జీరో’ మా దగ్గర చాలా ప్యానెళ్లలో ఉంది, దాన్ని ముందుగా తొలగిస్తాం. ఇంకొక్క సందేహం. ఇప్పుడున్న రద్దీ మామూలుదేనా కాదా అని తెలియాలంటే దేనితో పోల్చాలి? శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి సోమవారాన్ని నిన్నటితో పోల్చడం కుదరదు. సీజను పెరుగుతున్న రోజుల్లో పోయిన వారంతో పోల్చినా ప్రతిదీ అసాధారణంగానే కనిపిస్తోంది.

గవర్నరుపేట:

రద్దీని రద్దీతో పోల్చడం మీ వ్యాపారంలో కష్టమే. ఏడు రోజుల వెనుకటి గీతను పలుచగా వెనుక చూపించండి, సోమవారం పక్కన సోమవారం ఉంటుంది. కానీ అలర్టులకు దాన్ని ఆధారం చేసుకోకండి. పండుగ సెలవు వచ్చిన మరుసటి వారమే అది తప్పుగా మోగుతుంది. దానికి బదులు నిష్పత్తులు చూడండి. కాటా యంత్రాలు పంపిన బరువుల్లో ఎన్ని రికార్డులుగా నిలిచాయి అన్న శాతం ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఒకేలా ఉండాలి. ఒక దశ నుంచి తర్వాతి దశకు దాటిన శాతాలే మీ మొదటి తెరకు సరైన ప్రాణం.

పోయిన సీజనుతో పోల్చాలనుకుంటే ఇప్పుడే ఏర్పాటు చేసుకోవాలి. ఏమీ మార్చకపోతే ప్రొమీథియస్ 15 రోజుల డేటాను మాత్రమే ఉంచుతుంది. అన్నీ ఏడాదిపాటు దాచనక్కర్లేదు. ముఖ్యమైన మొత్తాలను రికార్డింగ్ రూల్స్ అనే ప్రొమీథియస్ సదుపాయంతో ముందే లెక్కించి, ఆ కొద్ది సిరీస్‌లను మాత్రం ఫెడరేషన్ (ఒక ప్రొమీథియస్ మరొకదాని నుంచి డేటా తీసుకునే పద్ధతి) ద్వారా తీసుకుని ఎక్కువ కాలం నిల్వ ఉంచే మరో చిన్న ప్రొమీథియస్‌ను పెట్టుకుంటే ఖర్చు తక్కువలో తేలుతుంది.

పాతవాటి విషయానికి వస్తే, ముందుగా అన్నింటి జేసన్‌ను (డాష్‌బోర్డు నిర్మాణం రాసి ఉండే ఫైలును) గిట్‌లో, అంటే ఫైళ్ల పాత రూపాలను కూడా దాచే వ్యవస్థలో భద్రపరిచి, తర్వాత వాటిని ‘పాతవి’ అనే ఫోల్డరుకు తరలించండి. సీజను ముగిసేదాకా ఎవరూ అడగనివి తీసేయవచ్చు, కావలసి వస్తే గిట్ నుంచి వెనక్కు తెచ్చుకోవచ్చు. తరలించేటప్పుడు డాష్‌బోర్డు యూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు కోడ్) మారకుండా చూసుకుంటే అలర్టుల్లో ఉన్న లింకులు చెడవు. మొదటి రెండు మెట్ల డాష్‌బోర్డులను గిట్ నుంచే ప్రొవిజనింగ్ పద్ధతిలో ఎక్కించండి. అలా ఎక్కించినవాటిని, మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఎవరూ తెర మీద మార్చి భద్రపరచలేరు. మార్పు కావాలంటే మరొకరు చూసి ఒప్పుకోవాలి. ప్రయోగాలకు ఒక ఫోల్డరును అందరికీ తెరిచి ఉంచి, మిగిలిన ఫోల్డర్లలో చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. నకళ్లు పుట్టినా అక్కడే పుడతాయి, అక్కడి నుంచే తీసేయవచ్చు.