ముడుమాల్ నిలువు రాళ్ళ దగ్గరికి ఎనిమిదో తరగతి పిల్లలను ఎప్పుడు తీసుకెళ్తే మంచిది?

మక్తల్ టీచర్:
అందరికీ నమస్తే. మక్తల్ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిదో తరగతిలో 42 మంది. ఈ ఏడు వాళ్ళను ముడుమాల్ తీసుకెళ్ళాలని గట్టిగా అనుకుంటున్నాను. వేల ఏళ్ళ కిందటి మనుషులు వరుసల్లో నిలిపిన రాళ్ళవి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరిన చోటు మాకు ఇంత దగ్గర్లో ఉంది, మా పిల్లల్లో చూసినవాళ్ళు ముగ్గురే. పోయినేడు వేరే తరగతితో వెళ్ళాను. దిగాం, రాళ్ళ ముందు ఫొటోలు దిగాం, నేను అరగంట మాట్లాడాను, పులిహోర తిని వచ్చేశాం. మర్నాడు ఏం చూశారని అడిగితే "పెద్ద రాళ్ళు మేడం" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. రేయింబవళ్ళు సమానంగా ఉండే రోజుల్లో పొద్దు పొడుపుకీ ఆ రాళ్ళ వరుసలకీ సంబంధం ఉందంటారు కదా, అందుకే మార్చి 21 గానీ సెప్టెంబర్ 23 గానీ అనుకుంటున్నాను. ఏది మేలు? అక్కడ పిల్లలతో ఏం చేయించాలి?

పానగల్లు సారు:
అమ్మా, నేను నల్లగొండలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మీకు జరిగిందే నాకూ జరిగింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పిల్లల్ని తీసుకెళ్ళాను. కుందూరు చోడుల కాలపు గుడి. గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. వాళ్ళింకా నోరు తెరిచి చూస్తుండగానే నేను మొదలుపెట్టాను: ఎండ నేరుగా పడటం లేదు, పక్కల నుంచి వచ్చే వెలుతురును స్తంభాలు అడ్డుకుంటున్నాయి, అందుకే పొద్దు కదిలినా నీడ కదలదు అని. అందరూ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. వాళ్ళు అడగకముందే జవాబు ఇచ్చేశాను కదా.

మరుసటేడు గుడికి వెళ్ళే ముందు రెండు వారాలు క్లాసులో అట్టపెట్టెలు, పెన్సిళ్ళు ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పెన్సిల్‌ను ఎక్కడ నిలబెడితే నీడ కదలదో వెతకమన్నాను. ఆ పిల్లలు గుడిలోకి అడుగు పెట్టగానే స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

మీకు చెప్పేదీ అదే. ఏ తేదీన వెళ్ళాలన్నది తర్వాత చూద్దాం. రేపే బడి ఆవరణలో మీటరు కర్ర ఒకటి తిన్నగా పాతండి. తిన్నగా ఉందో లేదో తాపీ మేస్త్రీ గుండు కట్టి చూసుకోండి. వారానికి ఒకరోజు, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ప్రతి పది నిమిషాలకూ నీడ కొన దగ్గర గులకరాయి పెట్టించి, పొడవు రాయించండి. పొట్టి నీడ సరిగ్గా పన్నెండుకు రాదు. ఎందుకని వాళ్ళే అడుగుతారు. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, మీ ఊరు దానికి ఐదు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అక్కడికే ఇరవై నిమిషాలు తేడా. ఋతువును బట్టి ఇంకో కొన్ని నిమిషాలు అటూ ఇటూ. ఇప్పుడు జులైలో మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో మీకు కూడా చెప్పను.

ఒక్క లెక్క మాత్రం ఇస్తాను. సెప్టెంబర్ 23 మధ్యాహ్నం మీ కర్ర నీడ 29, 30 సెంటీమీటర్లుంటుంది, అదే రోజు ఢిల్లీలో 54, 55. ఢిల్లీ మీకు దాదాపు నేరుగా ఉత్తరాన, ఇంచుమించు అదే రేఖాంశం మీద ఉంది. ఢిల్లీలో తెలిసిన టీచర్ ఎవరైనా ఉంటే కొలిపించండి. రెండు చోట్లా సూర్యుడి కోణాల తేడా సుమారు 12 డిగ్రీలు, అంటే వృత్తంలో ముప్పయ్యో వంతు. మధ్య దూరం సుమారు 1,350 కిలోమీటర్లు. ముప్పైతో గుణిస్తే భూమి చుట్టుకొలత 40 వేల దగ్గరికి వస్తుంది. రెండువేల రెండు వందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసిన పని మీ పిల్లలు బడి గ్రౌండులో చేస్తారు.

కృష్ణ ఒడ్డు:
మేడం, మాది ముడుమాల్ ఉన్న కృష్ణ మండలమే. సెప్టెంబర్‌లో చేలల్లో పత్తి నిలబడి ఉంటుంది, మబ్బు కూడా నమ్మరాదు. మార్చిలో ఒంటిపూట బడులు, ఎండ. పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండే డిసెంబర్ 22న రండి. ఆకాశం తేటగా ఉంటుంది. పొద్దు పొడుపు కోసం పిల్లల్ని చీకట్లో లేపే పని లేదు, పొద్దు గుంకేది చూపించండి. ఆరు లోపే గుంకుతుంది, దానికీ కలిసే వరుసలున్నాయి.

ఒక్క మాట బాగా చెప్పండి పిల్లలకు. పది, పద్నాలుగు అడుగుల రాళ్ళను ఎవరూ కదపరు. మోకాలెత్తు కూడా లేని చిన్న రాళ్ళ వరుసలే పోతున్నాయి. నా చిన్నప్పుడు దున్నేటప్పుడు అడ్డమని తీసి గట్టు మీద వేసేవాళ్ళం, నేనూ వేశాను. అవి ఏమిటో మాకు చెప్పినవాళ్ళు లేరు. వరుసలో ఒక రాయి తీస్తే ఆ లెక్కే చెడిపోతుందని తర్వాత తెలిసింది. ఒక రాయిని మేము నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతాం, అక్కడ చెప్పులు విప్పించండి. సప్తర్షి చుక్కల ఆకారంలో తొలిచిన గుంతలున్న రాయి మీద సుద్ద పూయనివ్వకండి, నీళ్ళు పోయనివ్వకండి. పొద్దు వాలినప్పుడు పక్క నుంచి వెలుతురు పడితే గుంతలు వాటంతటవే కనిపిస్తాయి. తాగే నీళ్ళు మీరే తెచ్చుకోండి.

పానగల్లు సారు:
డిసెంబరైతే ఇంకా మంచిది, నీడలు పొడుగ్గా ఉంటాయి. రాయిని తాకకుండా దాని ఎత్తు లెక్క కట్టించండి. మీటరు కర్ర నీడ ఒకటిన్నర మీటర్లున్నప్పుడు రాయి నీడ 5.4 మీటర్లుంటే, ఎత్తు 3.6 మీటర్లు. ఒకే రాయిని నాలుగు గుంపులు వేర్వేరుగా కొలవాలి. జవాబులు కలవవు. దిద్దకండి, ఎందుకు కలవలేదో వాళ్ళే వాదించుకోనివ్వండి.

మక్తల్ టీచర్:
ఇద్దరికీ చాలా థాంక్స్. డిసెంబర్ 22 ఖాయం చేశాం, సైన్స్ సార్ కూడా వస్తానన్నారు. కర్ర సోమవారమే పాతాం. మూడు రోజులు మబ్బు, ఈరోజు ఎండ వచ్చింది. పొట్టి నీడ 12 గంటల 20 నిమిషాలు దాటాక వచ్చింది, 12 సెంటీమీటర్లు. అది దక్షిణం వైపు పడింది సార్! కర్ర వంగిందని పిల్లలు గుండు కట్టి రెండుసార్లు చూశారు. తిన్నగానే ఉంది. రేపు దిక్సూచి తెస్తానని ఒకడు, వాళ్ళ తాతను అడుగుతానని ఒకమ్మాయి వెళ్ళారు. నేనేమీ చెప్పలేదు.