పిప్‌లో 'సీరియల్' అని కొడితే వేరే ప్యాకేజీ దిగింది, ప్రమాదమేనా?

చెరువుగట్టు
అందరికీ నమస్కారమండి. మాది ఉండి దగ్గర. వనామీ చెరువుల్లో ఆక్సిజన్ చూసే పెట్టెలు కట్టి రైతులకు అద్దెకిస్తుంటాను. లోపల రాస్‌బెర్రీ పై, అంటే చిన్న కంప్యూటర్, దానికి కేబుల్‌తో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ప్రోబ్. తెల్లారగట్ల డీఓ 4 పీపీఎం కిందకి పడితే రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. ఏరేటర్లు వెయ్యడం ఆలస్యమైతే రొయ్య తేలిపోతుంది కాబట్టి ఆ మెసేజ్ మీదే నా వ్యాపారమంతా.

ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన కుర్రాడు కొత్త పెట్టెలో 'పిప్ ఇన్‌స్టాల్ సీరియల్' అని కొట్టాడు (పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు దింపి ఎక్కించే కమాండ్). ఏ గొడవా లేకుండా ఎక్కింది. ప్రోగ్రామ్ నడపబోతే మాత్రం మొదటి లైన్లలోనే ఎర్రర్. కావలసింది కేబుల్ మీదుగా ప్రోబ్ చదివే పైసీరియల్ అట. మరి ఈ ఎక్కిందేంటి? దగ్గర పేర్లతో దొంగ ప్యాకేజీలు పెడతారని విన్నాను. మెసేజ్‌లు పంపే సర్వీసు కీ (పాస్‌వర్డ్ లాంటిది) ఆ పెట్టెలో ఉంది, అన్ని పెట్టెల్లోనూ అదే కీ. మా ప్రోగ్రామ్ సరిగ్గా నడవనేలేదు కదా, ఉత్తి ఇన్‌స్టాల్‌కే ప్రమాదం ఉంటుందా? ఒకటే టెన్షన్‌గా ఉందండి.

రాజోలు రిమోట్
ముందు టెన్షన్ వదిలెయ్యండి. మీకు దిగింది దొంగది కాదు. డేటాని జేసన్, యామల్ అనే ఫైల్ రూపాల్లోకి అటూ ఇటూ మార్చే వేరే లైబ్రరీ అది. ఎవరో వాళ్ల పనికి వాళ్లు రాసుకున్నారు, పేరు అలా కుదిరిందంతే. చిక్కేమిటంటే పైసీరియల్‌ని ఎక్కించేటప్పుడు పైసీరియల్ అంటాం, కోడ్‌లో మాత్రం 'ఇంపోర్ట్ సీరియల్' అని రాస్తాం. కొత్తవాళ్లు కోడ్‌లో చూసిన పేరే పిప్‌కి ఇస్తారు, కుర్రాణ్ణి తిట్టకండి. రెండు ప్యాకేజీలూ ఒకే పేరున్న ఫోల్డర్‌లో ఫైళ్లు పెడతాయి కాబట్టి, రెండూ ఉంటే రెండూ తీసేసి, పైసీరియల్ ఒక్కటీ మళ్లీ ఎక్కించండి.

ఇక అసలు ప్రశ్న. అవునండి, ఇన్‌స్టాల్ చాలు. సోర్స్ రూపంలో వచ్చే పైథాన్ ప్యాకేజీలో సెటప్ ఫైలు ఒకటుంటుంది, ఎక్కించేటప్పుడే అది నడుస్తుంది. 'ఇన్‌స్టాల్ చెయ్యలేదు, పిప్ డౌన్‌లోడ్ మాత్రమే చేశాం' అన్నా ఒక్కోసారి నడిచేస్తుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎంలో అయితే పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఆ పని చేస్తుంది. 2017లో క్రాస్-ఎన్వ్ అనే మంచి ప్యాకేజీకి నకలుగా మధ్యలో గీత తీసేసి క్రాస్ఎన్వ్ పెట్టారు. ఇన్‌స్టాల్ అవుతూనే ఆ కంప్యూటర్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌లకి అందే సెట్టింగులు) అన్నీ బయటికి పంపేసేది. మనలాంటివాళ్లం కీలు దాచేది సరిగ్గా అక్కడే.

ఇంకోటి చూడండి. జెల్లీఫిష్ అని పదాల పోలిక చూసే లైబ్రరీ ఉంది. దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి చిన్న ఎల్ తీసేసి పెద్ద ఐ పెట్టారు. చాలా ఫాంట్లలో రెండూ ఒక్కటే నిలువు గీత, కళ్లద్దాలు పెట్టుకున్నా తెలీదు. 2018 డిసెంబరులో ఎక్కిస్తే 2019 డిసెంబరు దాకా ఎవరూ పట్టుకోలేదు. దాని పని ఎస్‌ఎస్‌హెచ్, జీపీజీ కీలు (సర్వర్ లాగిన్‌కీ, డిజిటల్ సంతకాలకీ వాడేవి) ఎత్తుకుపోవడం. దానికి తోడు, తేదీల లైబ్రరీకి నకలుగా పైథాన్3-డేట్‌యుటిల్ అని ఇంకోటి పెట్టారు. అందులో దొంగ కోడ్ లేదు, ఆ దొంగ జెల్లీఫిష్‌ని మాత్రం పిలుస్తుంది. మీరు టైప్ చేసిన పేర్లు చూసుకుంటే సరిపోదని ఇందుకే అంటాను. ఎక్కాక 'పిప్ ఫ్రీజ్' కొట్టి, వెనకాల ఏమేం దిగాయో కూడా చూడాలి.

యానాం మెకానిక్
ఇంత భయపెట్టాలా గురువుగారూ? డౌన్‌లోడ్లు, గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైట్) స్టార్లు చూసుకుంటే ఐపోద్ది. పిప్ ప్యాకేజీలు వచ్చే సైటు పైపీఐ వాళ్లు రెండంచెల లాగిన్ కూడా తప్పనిసరి చేశారు. అయినా పేరు తప్పు కొట్టేవాళ్లు ఎంతమంది ఉంటారండి?

రాజోలు రిమోట్
చాలామందే. 2016లో హాంబర్గ్ యూనివర్సిటీ విద్యార్థి ఒకతను డిగ్రీ థీసిస్ కోసం ఇలాంటి తప్పు పేర్లతో పైపీఐ, ఎన్‌పీఎం, రూబీ భాషకుండే రూబీజెమ్స్‌లో ప్యాకేజీలు పెట్టి చూశాడు. 17 వేలకు పైగా కంప్యూటర్లలో అతని కోడ్ నడిచింది, అందులో సుమారు సగం అడ్మిన్ హక్కులతో.

స్టార్ల సంగతి చెప్తాను. పైపీఐ పేజీలో పక్కన కనబడే స్టార్లు, ఆ ప్యాకేజీ పెట్టినవాడు ఇచ్చిన గిట్‌హబ్ లింకువి. ఎవరి లింకైనా ఇచ్చుకోవచ్చు. ఇప్పుడు ధ్రువీకరించిన వివరాలు, ధ్రువీకరించనివి అని విడివిడిగా చూపిస్తున్నారు, ఆ తేడా గమనించండి. డౌన్‌లోడ్ల లెక్క ఆ పేజీలో అసలు ఉండదు, వేరేచోట చూసినా కొత్త ప్యాకేజీని మిర్రర్లే (సైటుకి కాపీ ఉంచుకునే సర్వర్లు) వచ్చి దింపుకుంటాయి కాబట్టి అంకె దానంతటదే పెరుగుతుంది. రెండంచెల లాగిన్ 2024 జనవరి నుంచి తప్పనిసరే. అది వేరేవాళ్ల అకౌంట్‌లో దూరకుండా ఆపుతుంది. ఇక్కడ అకౌంటూ దొంగదే. దొంగ వాడింటికి వాడే తాళం వేసుకుంటే మనకేం ఒరిగింది?

నరసాపురం ఫైనలియర్
అన్నా, మేం ఏఐ ఇచ్చిన కమాండే కాపీ చేస్తాం. అదైతే స్పెల్లింగ్ తప్పు కొట్టదు కదా?

రాజోలు రిమోట్
స్పెల్లింగ్ తప్పు కొట్టదు తమ్ముడూ, లేని ప్యాకేజీని పుట్టిస్తుంది. అడిగినప్పుడల్లా అదే లేని పేరు చెప్తుంటే, ఎవడో ఒకడు ఆ పేరు రిజిస్టర్ చేసి కూర్చుంటాడు. పేరు ఎప్పుడూ ఆ ప్రాజెక్టు సొంత డాక్యుమెంటేషన్ పేజీ నుంచి తీసుకో.

చెరువుగట్టు గారూ, మీ పెట్టెలకి ఇంకో దారి ఉంది. పిప్ మానేసి ఆప్ట్ (ఆ పెట్టెలోని లైనక్స్ సొంత ఇన్‌స్టాలర్) నుంచి 'పైథాన్3-సీరియల్' ఎక్కించండి. అక్కడ ఎవడు పడితే వాడు ప్యాకేజీ పెట్టలేడు, డెబియన్ అనే లైనక్స్ నిర్వాహకుల చేతుల మీదుగా వస్తాయి. వెర్షన్ కాస్త పాతది ఉంటే ఉంటుంది, డీఓ ప్రోబ్ చదవడానికి అది చాలు. ఏది ఎలా ఉన్నా ఒక్కో పెట్టెకి ఒక్కో కీ ఇవ్వండి. నిజంగా దొంగది ఎక్కిన రోజున అన్‌ఇన్‌స్టాల్‌తో ముప్పు పోదు. వేరే కంప్యూటర్ నుంచి కీ రద్దు చేసి, మెమరీ కార్డు మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి.

చెరువుగట్టు
చాలా థాంక్సండి. కీలు విడదియ్యడం మొదలుపెట్టాను. ఒక్క సందేహం. ఆప్ట్‌లో వెతుకుతుంటే పైథాన్3-డేట్‌యుటిల్ కనబడింది. అది దొంగదన్నారు కదా?

రాజోలు రిమోట్
ఆయ్, బాగా పట్టారు. ఆప్ట్‌లో అది అసలుదే, నిశ్చింతగా వాడుకోండి. డెబియన్, ఉబుంటుల్లో దాని పేరే అది. పైపీఐలో అసలుది పైథాన్-డేట్‌యుటిల్, 3 ఉండదు. ఆప్ట్ అలవాటున్నవాళ్లు పిప్‌కి కూడా అదే పేరు ఇస్తారు కదా, అలాంటివాళ్లకి సరిగ్గా సరిపోయే పేరు అది. మీ కుర్రాడి చేత ఇన్‌స్టాల్ కమాండ్లన్నీ ఒక ఫైల్లో రాయించి, ఏది పిప్‌దో ఏది ఆప్ట్‌దో పక్కన వేయించండి. వీలైతే ఆ ఫైలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. కీలు మాత్రం తీసేసి పెట్టండి.