అల్లుడి ముత్తాతల కోసం ఆస్ట్రేలియా పాత కాగితాల్లో వెతుకులాట: ఒకే పేరు మీద మూడు ఫైళ్ళు, ఇందులో మావాడెవరు?

పెదవాల్తేరు రిటైర్డ్:

అందరికీ నమస్కారం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. లింకు డాక్యుమెంట్లు వెతకడం, ఈసీలు తియ్యడం, వీలునామాలు రిజిస్టరు చేయించడం, నా జన్మంతా వీటితోనే సరిపోయింది. ఇప్పుడు పడ్డ చిక్కు మాత్రం సముద్రానికి అవతలిది.

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది, అల్లుడు అక్కడి తెల్లబ్బాయి. పెళ్ళిలో పంతులుగారు గోత్రం అడిగితే బిక్కమొహం వేశాడు, చివరికి కాశ్యప గోత్రం అనిపించి గట్టెక్కించాం. ఇప్పుడు మనవరాలికి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చారు. మా వైపు ఏడు తరాలు ఒక్క సాయంత్రంలో రాసి పంపాను. వాళ్ళ నాన్న వైపు మాత్రం అల్లుడి బామ్మగారికి తెలిసినంతే, అంటే ఆవిడ మామగారి తాత పేరు దగ్గర ఆగిపోయింది. ఆయనకీ, ఆయన తండ్రికీ ఒకే పేరట.

ఆవిడ చెప్పే కథేమిటంటే, ఆ తండ్రి ఇంగ్లాండులో కార్న్‌వాల్ నుంచి 1850ల్లో బంగారం కోసం మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోని బల్లారట్ వచ్చాడు, బాగా సంపాదించాడు, ఆయన పోగానే గనిలో భాగస్వామి ఆస్తంతా నొక్కేశాడు. ఇలాంటి కథలు కౌంటరు దగ్గర రోజుకి రెండు వినేవాణ్ణి, "మా తాతకి మధురవాడలో పదెకరాలుండేవండీ" అంటూ. అందుకని నమ్మనూ లేను, కొట్టిపారెయ్యనూ లేను.

ఇంటర్నెట్‌లో విక్టోరియా వాళ్ళ సూచికలో వెతికితే అదే పేరు మీద మూడు కనబడ్డాయి. ప్రొబేట్లు, అంటే వీలునామాని కోర్టు ఖాయం చేసిన కాగితాలు రెండు, ఒకటి 1868, ఇంకోటి 1889. ఒక ఇన్‌క్వెస్ట్, 1866, బల్లారట్. పేరు ఇక్కడ రాయను, అల్లుడికి ఇష్టం ఉండదు. మన అప్పారావు లాంటి పేరనుకోండి, వీధికొకడు ఉంటాడు. ముందు ఏది తెరవాలి? ఇన్‌క్వెస్ట్ అంటే మన శవ పంచనామాయేనా, అందులో కుటుంబం వివరాలు దొరుకుతాయా?

ఫుట్‌స్క్రే సూరిబాబు:

మాస్టారూ, నమస్తే. మాది గోపాలపట్నం, పదకొండేళ్ళుగా మెల్‌బోర్న్‌లోనే ఉంటున్నా. ఈ పిచ్చి నాకూ ఉంది, మా ఇంటి ఓనరు కుటుంబం కోసం మొదలుపెట్టి ఆపలేకపోయాను.

మీరు చూసింది పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ విక్టోరియా సూచిక అయ్యుంటుంది. వాళ్ళ దగ్గర ప్రతి దస్త్రాల వరసకీ ఒక నంబరుంటుంది. వీపీఆర్‌ఎస్ 24 అంటే ఇన్‌క్వెస్టులు, వీపీఆర్‌ఎస్ 28 ప్రొబేట్ ఫైళ్ళు, వీపీఆర్‌ఎస్ 7591 అసలు వీలునామాలు. చాలామంది 7591 చూసి ఊరుకుంటారు, కానీ అసలు సరుకు 28లో ఉంటుంది: ఎప్పుడు పోయాడు, ఎవరు దరఖాస్తు పెట్టారు, ఆస్తులేమిటి, అప్పులేమిటి. వీలునామా రాయకుండా పోయినవాళ్ళ ఫైలు కూడా అక్కడే, దాన్ని లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అంటారు, మీకు చెప్పక్కర్లేదు. 1870 నుంచి విక్టోరియాలో చనిపోయినవాళ్ళ ఆస్తి మీద సుంకం వేశారు కాబట్టి ఆ తర్వాతి ఫైళ్ళలో జాబితా వివరంగా ఉంటుంది, నాగలి ఎంత, పాలిచ్చే ఆవు ఎంత అని. పౌండ్లు, షిల్లింగులు, పెన్సుల్లో. పన్నెండు పెన్సులు షిల్లింగు, ఇరవై షిల్లింగులు పౌండు, మన అణాల లెక్క వచ్చినవాళ్ళకి ఇబ్బందుండదు.

1841 నుంచి 1925 దాకా వీలునామాలూ ప్రొబేట్లూ స్కాన్ చేసి పెట్టారు, పైసా కట్టకుండా చూసుకోవచ్చు. పాత ఇన్‌క్వెస్టులు కూడా అంతే.

ఒక్క జాగ్రత్త. ప్రొబేట్ తేదీ అంటే చనిపోయిన తేదీ కాదు. భూమి అమ్మాల్సొచ్చినప్పుడే కోర్టుకెళ్ళే కుటుంబాలు అక్కడా ఉండేవి, మనిషి పోయిన ఇరవై ఏళ్ళకి కూడా ప్రొబేట్ తీసుకున్నవాళ్ళని చూశాను. నేనైతే ముందు ఇన్‌క్వెస్టే తెరుస్తాను. ఆస్తి ఉన్నవాడే ప్రొబేట్‌లో కనిపిస్తాడు, గనిలో కూలికి దిగినవాడు మాత్రం గనిలో పోతేనే కాగితం మీదకి ఎక్కాడు.

గాజువాక కుర్రాడు:

సర్ ఇంత కష్టం ఎందుకు, ఆ ఫ్యామిలీ ట్రీ యాప్‌లో పేరు కొడితే మొత్తం చెట్టు రెడీమేడ్‌గా వచ్చేస్తుంది కదా, మా ఫ్రెండ్‌కి అరగంటలో పదిహేను తరాలు వచ్చాయి.

వన్‌టౌన్ రైటర్:

తమ్ముడూ, పదిహేను తరాలు అరగంటలో వచ్చాయంటే అందులో పద్నాలుగు ఎవడిదో చూసి ఇంకెవడో ఎక్కించుకున్నవే అయ్యుంటాయి. స్టేషన్‌లో రైటరుగా చేసినవాణ్ణి, ఒక ఎఫ్‌ఐఆర్ చూసి ఇంకో ఎఫ్‌ఐఆర్ రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

మాస్టారూ, మీరన్నట్టు మన శవ పంచనామా లాంటిదే (పాత సీఆర్‌పీసీ 174, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 194), కానీ ఒక తేడా ఉంది. మన దగ్గర పోలీసు వెళ్ళి పంచాయతీదార్ల ముందు శవం ఎలా ఉందో రాస్తాడు, గాయాలు, బట్టలు, పైకి కనబడే కారణం. వాళ్ళ దగ్గర కొరోనర్ అని ఒక అధికారి, ఆయన ముందు జ్యూరీ, సాక్షులు ప్రమాణం చేసి చెప్పడం, అంటే ఒక చిన్న కోర్టే. అది కూర్చునేది ఎక్కడనుకున్నారు? చాలాసార్లు దగ్గర్లో ఉన్న హోటల్లో, అంటే సారా తాగే చోటే. గనుల ఊళ్ళలో పదిమంది పట్టే గది ఇంకెక్కడుంటుంది మరి, శవాన్ని కూడా అక్కడికే మోసుకొచ్చేవారు. కొరోనర్ అందుబాటులో లేకపోతే మేజిస్ట్రేటే విచారణ చేసేవాడు, జ్యూరీ లేకుండా.

మీకు పనికొచ్చేది తీర్పు కాదు. తీర్పు ఒక్క వాక్యం, "ప్రమాదవశాత్తూ" అనో, ఏమీ తేలకపోతే "దైవ నిర్ణయం వల్ల" అనో ఉంటుంది. సాక్షుల వాంగ్మూలాలు ఒక్కొక్కటీ నిదానంగా చదవండి. శవాన్ని గుర్తుపట్టినవాడు చాలాసార్లు "నాకితను ఫలానా ఏటి నుంచి తెలుసు, ఫలానా ఊరివాడు, వయసు ఇంత ఉంటుంది, పెళ్ళాం ఉంది, పిల్లలు ఇంతమంది" అని మొదలుపెడతాడు. చదువు రానివాడైతే చివర్లో ఇంటూ గుర్తు ఉంటుంది, మన నిశానీ లాగ. వయసులు మాత్రం నమ్మకండి, పక్కింటివాడు అందాజుగా చెప్పేదే.

ఇదంతా చదువుతుంటే నాకు కడుపు మండుతుంది కూడా. మా తాత భీమిలి నుంచి స్టీమరెక్కి రంగూన్ పోయాడు. ఓడరేవులో కూలీ. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు నడిచి బయల్దేరాడట, అంతే. ఒక్క కాగితం లేదు. సరే, అది వేరే సంగతి.

లాసన్స్‌బే లక్ష్మి:

బాబాయిగారూ, మా అమ్మమ్మ వైపు ఆంగ్లో ఇండియన్లు, వాల్తేరు రైల్వేలో పనిచేసినవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్ళు లండన్ పంపేవారు కాబట్టి వాళ్ళని అక్కడి బ్రిటిష్ లైబ్రరీ కాగితాల్లో వెతకాల్సొచ్చింది. ఆ అనుభవంతో మూడు మాటలు చెప్తాను.

మొదటిది, మరణ ధ్రువపత్రం కొనండి. విక్టోరియాలో 1853 జులై నుంచి జనన మరణాల నమోదు ప్రభుత్వం మొదలుపెట్టింది. వాళ్ళ మరణ పత్రాలు ఇంగ్లాండువాటి కంటే ఎంతో నయం, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి పని, ఎక్కడ పుట్టాడు, కాలనీకి (అప్పటి విక్టోరియాకి) వచ్చి ఎన్నేళ్ళు, ఎవరిని ఏ వయసులో పెళ్ళాడాడు, పిల్లల పేర్లు, వయసులు, అన్నీ అడిగేవారు. చెప్పినవాడికి తెలిసుంటేనే అనుకోండి. హోటలువాడు చెప్తే సగం గళ్ళు ఖాళీ. ఇమేజ్ కాపీకి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాలి, కానీ మూడు ఫైళ్ళలో మీవాడెవరో తేల్చేది అదే.

రెండోది, ట్రోవ్. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళది, పాత పేపర్లన్నీ ఉచితం. ఇన్‌క్వెస్ట్ జరిగిన రెండు మూడు రోజుల్లో బల్లారట్ స్టార్‌లో వార్త వచ్చే ఉంటుంది, ఫైల్లో లేని మాటలు కూడా అందులో ఉంటాయి. ప్రొబేట్‌కి దరఖాస్తు పెట్టబోయే ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి కాబట్టి అదీ దొరుకుతుంది. అక్షరాలు మెషీన్ చదివినవి కదా, తప్పులుంటాయి, పేరుతో దొరక్కపోతే గని పేరో వీధి పేరో కొట్టి చూడండి.

మూడోది మీరు గమనించారో లేదో. తండ్రీ కొడుకులకి ఒకే పేరన్నారు. 1889 ప్రొబేట్ కొడుకుది ఎందుకు కాకూడదు? అది చూసి వెనక్కి రండి.

పెదవాల్తేరు రిటైర్డ్:

అందరికీ థాంక్స్. నాలుగు రోజులు నిద్రలేదు, మా ఆవిడ లాప్‌టాప్ దాచేసింది కూడా. సంగతులు చెప్తాను.

1868 ప్రొబేట్ మనవాడిది కాదు. గీలాంగ్‌లో కొట్టు పెట్టుకున్న స్కాట్లాండు బ్రహ్మచారి, ఆస్తంతా చెల్లెలికి రాశాడు. తీసి పక్కన పెట్టాను.

1866 ఇన్‌క్వెస్ట్ తెరిచాను. పన్నెండు పేజీలు, గొలుసుకట్టు రాత, మొదటి పేజీకే ఒక పూట పట్టింది. కార్న్‌వాల్ వాడే, వయసు "సుమారు ముప్ఫై ఎనిమిది", భార్య, ముగ్గురు పిల్లలు. గనిలోకి దిగుతుంటే గిలక తాడు తెగి పడిపోయాడు. పైన గిలక దగ్గర ఉన్నది ఎవరంటారు? ఆ భాగస్వామే! వాంగ్మూలంలో అతనే చెప్పాడు, ఇద్దరం ఒకే ఓడలో వచ్చాం, తాడు పాతదని ఇద్దరికీ తెలుసు, కొత్తదానికి డబ్బుల్లేక వాయిదా వేశాం అని. భార్య వాంగ్మూలం నాలుగు లైన్లు, కింద ఇంటూ గుర్తు. జ్యూరీ ప్రమాదమనే తేల్చింది. కొత్త తాడు కొనలేనివాడి సంపాదన ఏపాటిదో బామ్మగారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

లక్ష్మీ, నువ్వన్నదే నిజం. 1889ది కొడుకుది, వయసు సరిగ్గా సరిపోయింది. ఎనభై ఎకరాల భూమి, రెండు గుర్రాలు, పదకొండు ఆవులు, విత్తనాల కొట్టులో బాకీ. భార్యాపిల్లలకి రాసి, తల్లికి బతికినంతకాలం ఇంట్లో ఒక గది రాశాడు. తల్లి పేరు చూసి ఆగిపోయాను. ఇంటిపేరు మారింది. ఆ భాగస్వామి ఇంటిపేరు.

గాజువాక కుర్రాడు:

ఓరి నాయనో, సీరియల్‌లా ఉంది సర్. తాడు వాడే కోసేసుంటాడు.

వన్‌టౌన్ రైటర్:

నువ్వు ఆగు బాబూ. తాడు చూసిన గని మనిషి ఎవరైనా సాక్ష్యం చెప్పారా మాస్టారూ? చెప్పుంటే అది చదవండి. చేతికందినదాన్ని బట్టి కేసు కట్టెయ్యడం చూసీ చూసీ విసిగిపోయాను. ముగ్గురు పిల్లలతో ఉన్న విధవరాలు గనుల ఊళ్ళో ఏం చేస్తుందండీ, తెలిసిన మనిషిని చేసుకుంది.

లాసన్స్‌బే లక్ష్మి:

బామ్మగారి కథ అబద్ధం కాదేమో బాబాయిగారూ. అప్పటి చట్టం చూడండి. విక్టోరియాలో పెళ్ళయిన ఆడవాళ్ళ ఆస్తి చట్టం 1870లో కొంత, 1884లో పూర్తిగా వచ్చింది. అంతకుముందు పెళ్ళాడితే ఆవిడ చేతిలో ఉన్న సామానూ డబ్బూ భర్తవైపోతాయి. మొగుడు వదిలిన గుడిసె సామాను, గనిలో వాటా, ఏమున్నా రెండో పెళ్ళి రోజున భాగస్వామి చేతికి పోయినట్టే కదా. "ఆస్తి వాడు తీసుకున్నాడు" అన్నమాట పిల్లల నోట్లో అలా మిగిలిపోయి ఉంటుంది. రెండో పెళ్ళి ఎప్పుడో చూడండి, 1870కి ముందే అయ్యుండాలి.

పెదవాల్తేరు రిటైర్డ్:

తాడు గురించి ఇంకో గనివాడి సాక్ష్యం ఉంది, అరిగి తెగిందనే చెప్పాడు, కోత గుర్తుల్లేవన్నాడు. కుర్రాడికి నిరాశే.

పెళ్ళి పత్రం కోసం నిన్న అమ్మాయి చేత డబ్బు కట్టించాను, వచ్చింది. 1867 నవంబరు. ఆ కాగితం మీద ఆవిడ ఇంటూ గుర్తు పెట్టలేదు, సంతకం చేసింది, వంకరటింకరగా, చివరి అక్షరం గడి దాటిపోయి. ఏడాదిన్నరలో ఎవరు నేర్పారో మరి. మనవరాలు ఆ సంతకాన్ని ప్రాజెక్టు అట్ట మీద అతికిస్తానంటోంది.

బామ్మగారికి ఆదివారం వీడియో కాల్‌లో చెప్పాలి. ఈలోగా లక్ష్మీ, పెళ్ళి పత్రంలో ఆవిడ పుట్టిన ఊరు గడిలో రాసింది ఎంత చూసినా అంతుపట్టడం లేదు, మొదటి అక్షరం పీ అని మాత్రం అనిపిస్తోంది. ఫొటో నీకు మెసేజ్‌లో పెట్టాను, కాస్త చూసి చెప్పమ్మా.